జో పోంతి 'సూపర్‌లెజ్జెరా' కుర్చీలు: పాతవాటిని గుర్తించడం, పేము అల్లిక మళ్లీ వేయించడం

మిలాన్ తెలుగు

సభ్యులందరికీ నమస్కారం. ఏడేళ్లుగా మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ నవిల్యో గ్రాండే కాలువ గట్టున దాదాపు ప్రతి నెలా చివరి ఆదివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. మొన్నటి సంతలో ఒక వ్యాపారి దగ్గర నల్లరంగు వేసిన నాలుగు కుర్చీలు కనిపించాయి. అవి ఇటలీ వాస్తుశిల్పి జో పోంతి రూపొందించి, కస్సీనా అనే ఫర్నిచర్ సంస్థ తయారుచేసిన సూపర్‌లెజ్జెరా కుర్చీలని, ఒకే ఇంటి నుంచి వచ్చాయని ఆయన చెప్పారు. మామూలు కుర్చీని ఎత్తే బలంతోనే ఒకదాన్ని పట్టుకుని లేపాను. అది అనుకున్నదానికన్నా ఎంతో తేలికగా ఉండడంతో ఒక్కసారిగా నా ఛాతీ దాకా వచ్చేసింది. ఆ క్షణం నుంచి వాటి మీదే ధ్యాస.

మూడింటికి పేము అల్లిక ఉంది. ఒకదానికి మధ్యలో రూపాయి బిళ్లంత మేర బద్దలు తెగిపోయాయి. నాలుగోదానికి మాత్రం ఎవరో ప్లాస్టిక్ తాడు అల్లారు. నాలుగూ కలిపి తీసుకుంటేనే ఇస్తానని వ్యాపారి అంటున్నారు. వచ్చే సంత దాకా గడువు అడిగాను. ఫొటోలు జతచేస్తున్నాను. ఇవి అసలైనవో కావో నాలాంటివాడు ఎలా తేల్చుకోవాలి? ప్లాస్టిక్ తాడు ఉన్నదాన్ని కూడా తీసుకోవచ్చా? తెగిన అల్లికను బాగుచేయిస్తే కుర్చీ విలువ పోతుందా? తెలిసినవారు చెప్పగలరు.

పాతచెక్క

మిలాన్ తెలుగు గారూ, గుర్తింపు సంగతి చెప్పే ముందు ఈ కుర్చీ పుట్టుక కొంత చెప్పనివ్వండి, ఎందుకంటే దేన్ని వెతకాలో ఆ కథలోనే ఉంది.

జో పోంతి 1891లో మిలాన్‌లోనే పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చి, 1921లో అక్కడి పాలిటెక్నిక్‌లో వాస్తుశిల్ప పట్టా పుచ్చుకున్నారు. 1928లో 'దోముస్' అనే వాస్తు, డిజైన్ పత్రికను స్థాపించి, 1940లలో కొన్నేళ్లు తప్ప, 1979లో కన్నుమూసేదాకా దాన్ని నడిపారు. పింగాణీ పాత్రల నుంచి మిలాన్‌లోని 127 మీటర్ల పిరెల్లి భవనం దాకా ఆయన చెయ్యి పడని వస్తువు అరుదు. అయితే నన్నడిగితే, ఆయన పనిలో అన్నిటికన్నా ఎక్కువ కాలం ఆలోచించి చేసింది ఈ కుర్చీయే.

దీని మూలం ఆయన ఊహ కాదు. జెనోవాకు తూర్పున సముద్రతీరంలో కియావరి అనే ఊరుంది. 1807లో ఆ ఊరి ప్రముఖుడొకరు పారిస్ నుంచి తెచ్చిన ఒక కుర్చీని జుసెప్పె గయెతానో దెస్కాల్జి అనే వడ్రంగి ముందు పెట్టి, దాన్ని చూసి మరొకటి చేయమన్నారు. దెస్కాల్జి దాన్ని ఉన్నదున్నట్లు దించలేదు. అలంకారాలన్నీ తీసేసి, కర్రను వీలైనంత సన్నగా చిత్రిక పట్టి, విల్లో అనే చెట్టు సన్నని బద్దలతో సీటు అల్లి, చేత్తో అవలీలగా ఎత్తగల కుర్చీని తయారుచేశారు. తరువాత నూరేళ్లకు పైగా ఆ ఊరి కుర్చీలు ఇటలీ ఇళ్లలో మామూలు వస్తువులైపోయాయి.

పోంతి చేసింది ఆ మామూలు వస్తువును మళ్లీ చేతిలోకి తీసుకోవడమే. 1950ల మొదట్లో కస్సీనా కోసం 'లెజ్జెరా' చేశారు. ఆ మాటకు 'తేలికైనది' అని అర్థం. దాని గురించి రాస్తూ, ఏ విశేషణమూ అక్కర్లేని, కేవలం కుర్చీ అయిన కుర్చీ అన్న భావం ఆయన వ్యక్తంచేశారు. అక్కడితో ఆగకుండా, ఇంకా ఎంత చెక్క తీసేయవచ్చునో చూస్తూ కొన్నేళ్లు పనిచేసి, 1957లో, తన 66వ ఏట, 699 మోడల్ సంఖ్య గల సూపర్‌లెజ్జెరాను పూర్తిచేశారు. దాని బరువు 1.7 కిలోలు. కాళ్లను అడ్డంగా కోస్తే కనిపించే కోత గుండ్రమూ కాదు, చతురస్రమూ కాదు, త్రికోణం. ఆ త్రికోణం భుజం 18 మిల్లీమీటర్లు మాత్రమే. కుర్చీని విసిరి, కింద పడేసి పరీక్షించారని అంటారు. ఒక పసివాడు ఒక్క వేలితో దాన్ని ఎత్తి పట్టుకున్న ఫొటో ఆ రోజుల్లో దాని ప్రచారానికి వాడినదే.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని, వంటింటి కాటా ఒకటి వెంట తీసుకువెళ్లడం. రెండోది, కాలి మీద బొటనవేలు, చూపుడువేలు పెట్టి పైనుంచి కిందికి నిమరడం. మూడు అంచులు వేళ్లకు స్పష్టంగా తగలాలి. అనుకరణలు చేసినవారు రూపాన్ని దించగలిగారు గానీ, నేను చూసినంతలో ఈ కోతను దించడానికి ఎక్కువమంది సాహసించలేదు.

ఉక్కు లెక్క

వృత్తిరీత్యా నేను భవన నిర్మాణాల బలం లెక్కలు వేస్తాను, హైదరాబాద్‌లో. త్రికోణం అనగానే కాగితం, కలం తీసుకోకుండా ఉండలేకపోయాను. ఫలితం నన్ను ఆశ్చర్యపరచింది కనుక పంచుకుంటున్నాను.

ఒకే చెక్కతో, ఒకే వైశాల్యం గల కోతతో మూడు కర్రలు చేశామనుకోండి: ఒకటి గుండ్రం, ఒకటి చతురస్రం, ఒకటి సమబాహు త్రికోణం. బరువు మూడింటికీ ఒకటే. వంగకుండా నిలవడంలో త్రికోణం కర్ర చతురస్రం కన్నా సుమారు 15 శాతం, గుండ్రం కన్నా సుమారు 20 శాతం మెరుగు. అంటే బరువు పెంచకుండానే కుర్చీకి ఊగని బిగువు వస్తుంది. ఇంతవరకు పోంతి ఎంపిక సరైనదే.

కానీ ఇంకో లెక్క ఉంది. వంచినప్పుడు త్రికోణపు మొన దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది. విరగకుండా తట్టుకోవడంలో అదే వైశాల్యం గల చతురస్రంతో పోలిస్తే త్రికోణం మూడింట రెండు వంతుల బరువు మాత్రమే మోయగలదు. అంటే ఈ ఆకారం కర్రను బిగువుగా చేస్తూనే, విరిగే ప్రమాదానికి దగ్గరగా తీసుకువెళుతోంది. ఆ ప్రమాదాన్ని భరించవలసింది చెక్క. అందుకే ఈ కుర్చీకి యాష్ అనే చెట్టు చెక్కను ఎంచుకున్నారని నా నమ్మకం. దాని నార పొడవుగా, తిన్నగా సాగుతుంది. దెబ్బ తగిలితే చిట్లకుండా వంగి మళ్లీ లేస్తుంది. క్రికెట్ స్టంపులు, గొడ్డలి పిడులు, పడవ తెడ్లు దానితోనే చేయడానికి కారణం అదే. నార అడ్డంగా తిరిగిన చెక్కతో ఈ కోత కోస్తే కుర్చీ ఒక్క ఏడాది కూడా నిలవదు.

దీనివల్ల మిలాన్ తెలుగు గారికి ఒక ఉపయోగం ఉంది. అసలైన కుర్చీ కాలి మీద రంగు అరిగిన చోట చెక్క గీతలను చూడండి. అవి కాలి పొడవునా, పైనుంచి కింది దాకా, పక్కకు జారకుండా పోతూ ఉండాలి. ఎక్కడైనా ఏటవాలుగా అంచు దాటి బయటికి పోతుంటే, అది తొందరపడి చేసిన పని.

వైజాగ్ వాస్తు

ఉక్కు లెక్క గారి మాటకు ఒక చేర్పు. పోంతి ఈ కుర్చీని, పిరెల్లి భవనాన్ని దాదాపు ఒకే కాలంలో గీశారు. 1956లో మొదలై 1960లో పూర్తయిన ఆ భవనం ప్లానులో రెండు చివర్లా పడవ ముక్కులా సన్నబడుతుంది. కుర్చీ కాళ్లు కూడా చివర్లకు పోయేకొద్దీ సన్నబడతాయి. చివర సన్నబడినప్పుడు వస్తువు అక్కడితో పూర్తయినట్లు కంటికి తెలుస్తుంది, ఇంకేమీ కలపలేమనిపిస్తుంది. విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు నేను ఈ రెండింటి గీతలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మన ఉపఖండంలోనూ ఆయన పని ఉంది: ఇస్లామాబాద్‌లోని ప్రభుత్వ సచివాలయ భవనాలు 1960లలో ఆయన బృందం రూపొందించినవే.

నిజాంపేట నివాసి

క్షమించండి, ఈ విషయంలో నేను పూర్తిగా కొత్త. మా పాప పెళ్లికి ఫంక్షన్ హాలువాళ్లు బంగారు రంగు కుర్చీలు వేసి, 'చియవరి కుర్చీలు' అని బిల్లులో రాశారు. పాతచెక్క గారు చెప్పిన కియావరి, ఇదీ ఒకటేనా?

పాతచెక్క

ఒకటేనండీ. మీ బిల్లులోని మాట ఆ ఊరి పేరే, ఇంగ్లీషు ఉచ్చారణ మీదుగా వచ్చి మారింది. నేడు ప్రపంచమంతటా పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఆ కుర్చీలు దెస్కాల్జి కుర్చీ ఆకారాన్ని ఎక్కువగా ప్లాస్టిక్‌లోనో లోహంలోనో దించినవి. వీపు వైపు నిలువు కమ్మీలు, వెదురు కణుపుల్లాంటి గుర్తులు ఉంటాయి. ఒకే ముత్తాత నుంచి రెండు శాఖలు వచ్చాయని అనుకోండి. ఒక శాఖ పెళ్లి పందిళ్లలోకి వెళ్లింది, రెండోది పోంతి బల్ల మీదికి వచ్చింది.

గోదావరి పేము

నమస్కారమండీ. మాది రాజమండ్రి. మా నాన్నగారు, తాతగారు పేము కుర్చీల అల్లిక పనే చేశారు. నేను వేరే ఉద్యోగం చేస్తున్నా సెలవుల్లో ఆ పని వదల్లేదు. పోంతి గారి కుర్చీని చేత్తో ముట్టుకున్నది లేదు గానీ, మిలాన్ తెలుగు గారు పెట్టిన ఫొటోలను పెద్దవి చేసి చాలాసేపు చూశాను.

ముందుగా పేము సంగతి. ఇటలీవాళ్లు దీన్ని 'కాన్నా దిండియా', అంటే ఇండియా బెత్తం అంటారని ఈమధ్యే తెలిసింది. చాలామంది వెదురు, పేము ఒకటే అనుకుంటారు. వెదురు లోపల బోలు, పేము నిండు. అది తాటి, ఈత కుటుంబానికి చెందిన తీగ. మన వైపు అడవుల్లోనూ దొరుకుతుంది. దాని పై బెరడును సన్నని బద్దలుగా చీల్చి సీటుకు వాడతారు, లోపలి గుజ్జుకర్రను బుట్టలకు వాడతారు. బద్దకు ఒక వైపు నిగనిగ ఉంటుంది. ఆ వైపు నీరు పీల్చదు, రంగూ పట్టదు. నీరు పీల్చేది కింది వైపు. ఇది గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

మన పాత టేకు కుర్చీలకు చట్రం చుట్టూ వరసగా రంధ్రాలు పెట్టి, బద్దను ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లోకి దూర్చి అల్లుతాం. మీ ఫొటోల్లో ఆ రంధ్రాలు కనిపించలేదు. బద్ద చట్రపు కర్రను చుట్టుకుని కిందికి వెళ్లి మళ్లీ పైకి వస్తోంది. ఆలోచిస్తే అర్థమైంది. అంత సన్నని కర్రకు రంధ్రాలు పెడితే ఇంకేం మిగులుతుంది? రంధ్రం లేదు కనుక కర్ర పూర్తి బలంతో ఉంది. పైగా బద్దలు నాలుగు కర్రలనూ లోపలికి లాగి పట్టుకుని ఉన్నాయి. అంటే ఈ కుర్చీలో అల్లిక కూర్చోవడానికి మాత్రమే కాదు, కుర్చీని నిలబెట్టేదాంట్లో దానికీ వాటా ఉంది.

అందుకే ఒక జాగ్రత్త చెప్పాలి. బద్దను నీళ్లలో నానబెట్టి మెత్తగా అయ్యాక అల్లుతాం. ఆరేటప్పుడు అది బిగుస్తుంది. మన లావుపాటి టేకు చట్రం మీద ఎంత బిగించినా ఫర్వాలేదు, మా నాన్నగారు మోకాలు ఆనించి లాగేవారు. ఈ కుర్చీ మీద అలా లాగితే ఆరిన మర్నాటికి కర్ర లోపలికి వంగి, అతుకులు నోరు తెరుస్తాయి. తడిగా ఉన్నప్పుడు కొంచెం వదులనిపించేలా వదిలి, బిగువు పని ఆరుదలకే అప్పగించాలి. అల్లేవారిని ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి: తడి బద్దను ఎంత బిగువుగా లాగుతారు? 'ఎంత వీలైతే అంత' అన్నారంటే ఆ కుర్చీ వారికి ఇవ్వకండి.

లండన్ లైబ్రరీ

గోదావరి పేము గారి మాటలు చదివి సంతోషం కలిగింది. అయితే తెగిన అల్లికను మార్చే విషయంలో నాది వేరే అభిప్రాయం. మొదటి అల్లిక ఇంకా మిగిలి ఉన్న 1950ల కుర్చీలో ఆ అల్లిక కూడా ఒక ఆధారమే. ఏ వెడల్పు బద్ద వాడారు, ఏ క్రమంలో తిప్పారు, ముడి ఎక్కడ దాచారు అన్న సంగతులు దానిలోనే ఉంటాయి. ఒకసారి కోసి పారేస్తే ఆ సమాచారం తిరిగి రాదు. రూపాయి బిళ్లంత చిరుగు కోసం మొత్తం తీసేయడం నాకు సమ్మతం కాదు. కూర్చోకుండా గోడ పక్కన ఉంచుకోవచ్చు కదా?

వైజాగ్ వాస్తు

మీ ఆవేదన అర్థమైందండీ, కానీ ఈ కుర్చీ గోడ పక్కన ఉంచడానికి పుట్టలేదు. యుద్ధం తరువాత మిలాన్‌లో చిన్న చిన్న ఫ్లాట్లలో, ఒకే గదిలో భోజనం, పని, అతిథి మర్యాద జరిగే ఇళ్ల కోసం పుట్టింది. భోజనం అయ్యాక ఒక చేత్తో తీసి పక్కకు పెట్టగలగాలన్నదే దాని ఉద్దేశం. ఎవరూ కదపని సూపర్‌లెజ్జెరా సగం కుర్చీయే. పైగా అల్లిక కుర్చీని నిలబెట్టే భాగమని ఇప్పుడే తెలిసింది. మధ్యలో తెగిన అల్లికను అలాగే వదిలేస్తే చట్రం మీద లాగుడు అసమంగా మారదా?

గోదావరి పేము

మీరిద్దరు చెప్పినదీ నిజమే. మధ్యలో ఒక దారి ఉంది. బిళ్లంత చిరుగును మా ఇంట్లో 'మాటు వేయడం' అనేవారు. తెగిన బద్దల కొసలు కిందినుంచి వెతికి, అదే వెడల్పు కొత్త బద్దలను పాతవాటి పక్కనే రెండు మూడు అల్లికల దూరం లోపలికి దూర్చి, పాత దారినే నడిపించాలి. రంగు తేడా కొన్నాళ్లు కనిపిస్తుంది, వెలుతురుకు కొత్తది కూడా తేనె రంగుకు తిరుగుతుంది. పాతది ఒక్క బద్ద కూడా కోయనక్కర్లేదు. మిగిలిన రెండు కుర్చీలు కుంగి ఉంటే, తడిపి పిండిన గుడ్డను సీటు కింది వైపు, నిగనిగ లేని వైపు, కాసేపు అద్ది ఉంచి నీడలో ఆరబెట్టండి. బద్ద నీరు పీల్చుకుని ఆరుతూ మళ్లీ బిగుస్తుంది. హీటర్ పక్కన మాత్రం పెట్టకండి.

మిలాన్ తెలుగు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. వ్యాపారి అనుమతితో నిన్న వారి గోదాముకు వెళ్లాను. కాటా తీసుకువెళ్లాను. ఒక్కొక్క కుర్చీని తలకిందులు చేసి సీటు కాటా మీద ఆనేలా నిలిపితే వచ్చిన లెక్కలు: 1.68, 1.71, 1.73. ప్లాస్టిక్ తాడు కుర్చీ 2.4 కిలోలు.

తాడు బరువేమో అనుకుని, పాతచెక్క గారు చెప్పినట్లు కాలిని నిమిరాను. మొదటి మూడింటి కాళ్లకు మూడు అంచులు చేతికి తగిలాయి. ఒక అంచు లోపలి వైపుకు, చదునైన ముఖం బయటి వైపుకు ఉంది. ఎదురుగా నిలబడితే కాలు ఉన్నదానికన్నా సన్నగా కనిపించడానికి అదే కారణమని అప్పుడు అర్థమైంది. నాలుగోదాని కాళ్లు గుండ్రంగా ఉన్నాయి. సీటు చట్రం కింద పాత రంధ్రాల వరస ఉంది, వాటిలో మైనం పూడ్చారు. టార్చి వేసి చూస్తే వెనుక కాలి మీద గుండుసూది మొనంత పురుగు రంధ్రాలు, వాటి కింద నేల మీద సన్నని పొడి. మూడింటి మీద రంగు అరిగిన చోట చెక్క గీత, ఉక్కు లెక్క గారు చెప్పినట్లే, మడమ దాకా తిన్నగా సాగింది.

మూడింట్లో ఒకదానికే సీటు అడుగున చీటీ అంటించిన జిగురు గుర్తు మిగిలింది, చీటీ లేదు. దాని గురించి చింతించాలా?

పాతచెక్క

చింతించనక్కర్లేదు. అరవై ఏళ్లలో కాగితపు చీటీలు ఊడిపోవడం మామూలే. చీటీ లేకపోవడం వల్ల కుర్చీ నకిలీ అయిపోదు. చీటీ ఉన్నంత మాత్రాన అసలైనదీ అయిపోదు. ఇంకో విషయం గమనించాలి. కస్సీనా ఈ కుర్చీని నేటికీ తయారుచేస్తోంది కనుక 'అసలైనది' అంటే 'పాతది' అని అర్థం కాదు. 1950ల నాటిదని వ్యాపారి చెబితే, ఆ ఇంటి పాత రశీదో ఫొటోనో అడగండి. గట్టి ధ్రువీకరణ కావాలంటే, పోంతి మనవడు సాల్వతోరె లిచీత్రా నడిపించే జో పోంతి ఆర్కైవ్స్ అనే సంస్థ (ఆయన పనుల రికార్డులు భద్రపరిచేది) పరిశీలించి పత్రం ఇస్తుంది. వేలం సంస్థలు కూడా పోంతి వస్తువులకు ఆ పత్రాన్నే జతచేస్తాయి. మీకు ఇంట్లో వాడుకోవడమే ముఖ్యమైతే ఆ ఖర్చు తప్పనిసరి కాదు.

నాలుగోదాన్ని మాత్రం ఇంటికి తీసుకురాకండి. పొడి రాలుతోందంటే పురుగు ఇంకా బతికే ఉంది, పక్కన పెట్టిన మూడింటికీ పాకుతుంది.

లండన్ లైబ్రరీ

మాటు వేయడం గురించి చదివాక నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. పని మొదలుపెట్టే ముందు సీటు పైనా కిందా దగ్గరగా ఫొటోలు తీసి, తెగిన ముక్కలను ఒక కవరులో వేసి కుర్చీతోనే ఉంచమని మాత్రం కోరుతున్నాను.

మిలాన్ తెలుగు

తప్పకుండా అలాగే చేస్తాను. నాలుగోదాన్ని వద్దన్నాను. రంధ్రాల వరస చూపించి, ఇది ఆ మూడింటి జత కాదని చెప్పాక వ్యాపారి కూడా కాదనలేదు, మూడింటికే ధర మాట్లాడుకున్నాం. అవి నిన్న రాత్రి ఇంటికి వచ్చాయి. టాక్సీ దిగి రెండింటిని ఎడమ చేతికి తగిలించుకుని, ఒకదాన్ని కుడి చేత్తో పట్టుకుని, లిఫ్టు లేని మూడంతస్తులూ ఒకే విడతలో ఎక్కాను.

పేము బద్దలు ఇక్కడ రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పువి దొరికాయి. పాత బద్ద రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంది. గోదావరి పేము గారూ, వెడల్పు తగ్గించడానికి బద్దను పక్కల నుంచి గీకవచ్చా, లేక సరైన కొలతది దొరికేదాకా ఆగమంటారా?

గోదావరి పేము

ఆగండి. పక్కలు గీకితే నిగనిగ పొర అంచున లేస్తుంది, ఏడాది తిరిగేసరికి అక్కడే చిట్లుతుంది. మా దగ్గర రెండు మిల్లీమీటర్ల బద్ద కట్ట ఒకటి ఉంది, నాన్నగారు చీల్చి ఉంచింది. చిరునామా నాకు విడిగా పంపండి, పోస్టులో వేస్తాను. అందాక ఆ కుర్చీ మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. బద్దలు చేరాక నానబెట్టే ముందు ఒకసారి వీడియో కాల్ చేయండి, మొదటి కొస ఎక్కడ దూర్చాలో చూపిస్తాను.